దేవుడు కోడిపెట్టా?

మా ఊరి చర్చిలో ఇరవై ఏళ్లుగా ఆదివారం వాక్యం చదివేది నేనే. తడబడకుండా చదువుతానని పేరు. చదివిన ప్రతి మాటా నాకు అర్థమైందనే అనుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట మా వీధి చివరింటికి పిడుగురాళ్ల నుంచి ఒక కోడలు కాపురానికి వచ్చింది. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. మిరపకాయల కోతలో ఇద్దరి పని ఒక్కతే చేస్తుందని అత్తగారు మెచ్చుకునేది. చర్చికి వచ్చినప్పుడు మాత్రం చివరి చాప మీద ఊరికే కూర్చుని వెళ్లిపోయేది. మా అమ్మాయి గుంటూరులో, వినపడని పిల్లలకు చదువు చెప్పే కోర్సు చేసింది. ఒక ఆదివారం ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఆమెకు ఎదురుగా కూర్చుని, నేను చదివేదంతా సైగలతో చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు చదువుతున్నది దేవుని రెక్కల నీడ గురించిన కీర్తన. మా అమ్మాయి రెండు చేతులూ రెక్కల్లా ఆడించింది. ఆ కోడలు కళ్లు పెద్దవి చేసి, తానూ చేతులాడించి, పైకి చూపించి ఏదో అడిగింది. మా అమ్మాయి లేచి నిలబడింది.

"నాన్నా, ఒక్క నిమిషం ఆగు."

ఇన్నేళ్లలో నన్ను మధ్యలో ఆపినవాళ్లు లేరు. "ఏంటమ్మా?" అన్నాను, కోపం దాచుకుంటూ.

"దేవుడు కోడిపెట్టా అని అడుగుతోంది. గుడ్లు కూడా పెడతాడా అంటోంది."

ఆడవాళ్ల వైపు ఒకటే నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మంచి ప్రశ్నే అడిగింది" అని మళ్లీ కూర్చుంది. గింజలేరుకునే కోడిపిల్లల్ని వేళ్లతో చూపించింది. పైన తిరిగే గద్దను చూపించింది. పెట్ట రెక్కలు విప్పడం, పిల్లలు పరుగెత్తుకొచ్చి లోపల దూరడం, గద్ద వెళ్లిపోవడం. చివరికి ఆ కోడలి వైపు వేలు పెట్టి, ఆ పిల్లవి నువ్వే అన్నట్టు చెప్పింది. ఆమె భుజాలు ముడుచుకుని, వెచ్చగా ఉందన్నట్టు నవ్వింది.

"ఇన్నేళ్లకు నాకూ ఇప్పుడే తెలిసిందే అమ్మాయ్" అంది ముందు వరసలో ఒక ముసలమ్మ.

పై ఆదివారం దేవుణ్ణి బండతో పోల్చిన భాగం వచ్చింది. ఆ కోడలు వెంటనే చెయ్యెత్తింది. వాళ్ల నాన్న సున్నం బట్టీలో పనిచేస్తాడు. రాళ్లను పగలగొట్టి, కాల్చి సున్నం చెయ్యడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. "మరి దేవుణ్ణి కూడా కాల్చేస్తారా?" అని అడిగింది. తర్వాత చెబుతానని మా అమ్మాయి సైగ చేసింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నన్ను పట్టుకుంది.

"బండ అని చదివేటప్పుడు నీకేం కనపడుతుంది నాన్నా?"

"బండంటే బండే. గట్టిగా ఉంటుంది."

"కాలిస్తే సున్నమవుతుందిగా?"

"అలా అన్నీ తీసుకోకూడదమ్మా."

"ఏది తీసుకోవాలో ఎట్లా తెలుస్తుంది మరి? నన్ను బంగారం అంటావు. కంసాలి దగ్గర కరిగించడానికి కాదుగా? ఆ కీర్తన రాసినాయన బండలో ఏం చూసి ఉంటాడు?"

నా పెళ్లికి ముందు సంగతి గుర్తొచ్చింది. తుపాను రోజు పత్తి చేను నుంచి వస్తుంటే వాగు ఒక్కసారిగా పొంగింది. నడుము లోతు నీళ్లు, కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. చేతికి తగిలిన ఒక బండ ఎక్కి, సాయంత్రం మనుషులు తాడు తెచ్చేదాకా దాని మీదే ఉన్నాను.

"చుట్టూ అన్నీ కొట్టుకుపోతున్నాయమ్మా. అదొక్కటే కదల్లేదు" అన్నాను.

"అది చెప్పు నాన్నా. అంతే చాలు."

మరుసటి ఆదివారం పుస్తకం పక్కన పెట్టి, అందరి ముందూ ఆ వాగు సంగతంతా నటించి చూపించాను. కాళ్లు జారినట్టు తూలాను, వేదిక మెట్టెక్కి నిలబడ్డాను. తెల్లపంచె కట్టుకున్న పెద్దమనిషి అలా ఆడితే ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ కోడలు లేచి, కాలితో నేలను రెండుసార్లు గట్టిగా తట్టింది. ఆమెకు అర్థమైంది.

అప్పటి నుంచి శనివారం సాయంత్రాలు మేం ముగ్గురం మా అరుగు మీద కూర్చుని మర్నాటి వాక్యం చూసుకుంటున్నాం. దేవుడు కాపరి అంటే ఏమిటి, కుమ్మరి అంటే ఏమిటి, ఆయనకు చెవులున్నాయంటే ఏమిటి. తెలియనిచోట తెలియదనే చెబుతున్నాను.

పోయిన క్రిస్మస్ ఉదయం ఒంగోలు నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. సాక్ష్యాలు చెప్పే వేళ ఆ కోడలు తనే ముందుకు వచ్చింది. ఆమె చేతులు కదుపుతుంటే మా అమ్మాయి పక్కన నిలబడి పైకి చెప్పింది.

"దేవుడు పిలుస్తాడని మీరంతా అంటారు. నాకు పిలుపు వినపడదు. మొన్న మిరపకల్లంలో ట్రాక్టరు వెనక్కి వస్తుంటే, మా అత్త పరుగెత్తుకొచ్చి నా భుజం మీద చెయ్యేసి లాగింది. నాకు దేవుడంటే భుజం మీద పడ్డ చెయ్యి."

మా అమ్మాయి ఆ మాట ఇంకోసారి చెప్పింది. నేను వాక్యం చదివిన ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా చర్చి అంత నిశ్శబ్దంగా లేదు. నేను చదివినప్పుడు ఎవరూ అలా వినలేదని బాధపడలేదు. నా కళ్ల ముందు నిలబడ్డ ఆ ఇద్దరు ఆడపిల్లల్ని చూసి గుండె నిండిపోయింది.

కూడిక అయ్యాక పాస్టరుగారు మా దగ్గరికి వచ్చారు. "ఎవరండీ ఆ అమ్మాయి?" అన్నారు.

"మా అమ్మాయండి" అన్నాను.

"మా కోడలండి" అంది నా పక్కనే నిలబడ్డ ఆ కోడలి అత్తగారు, పైటచెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఆయన అడిగింది ఎవరి గురించో మా ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.