వియ్యంకుడికి ఇచ్చిన హక్కు

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం. ఉన్నవారు: నేను, సంఘం అధ్యక్షుడైన మా వియ్యంకుడు, కార్యదర్శి ఖాదర్ భాయ్.

గురజాలలో మా పెన్షనర్ల సంఘం స్థలం కాగితాలు చెదలు తినేశాయి. మిగిలింది వాటి ఫోటోలే. అందరూ ఫోన్లలో చూసుకునేలా వాటిని ఒక ఫోల్డర్‌లో పెట్టాను. మార్చే, తీసేసే హక్కు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

"ఏంది బావగారూ, అధ్యక్షుణ్ణి, నేను చూట్టానికేనా పనికొచ్చేది?" అన్నారు వియ్యంకుడు. పిల్లనిచ్చినవాణ్ణి, కాదనలేక ఆయనకూ ఆ హక్కు ఇచ్చాను.

సాయంత్రానికి ఫోల్డర్ మాయమైంది. మర్నాడే స్థలం మీద విచారణ.

"ఫోన్ నిండిందని తీసేశా. నా ఫోన్లోనే పోయిద్దనుకున్నా," అన్నారాయన.

"అందరికీ పోయింది సార్," అన్నాడు ఖాదర్ భాయ్, తల పట్టుకుని.

నేను కంగారుపడలేదు. తీసేసినవి కొన్నాళ్లు 'ట్రాష్' అనే చెత్తబుట్టలో ఉంటాయని తెలుసు. అక్కడి నుంచి అన్నీ వెనక్కి తెచ్చాను. మర్యాద వేరు, హక్కు వేరని ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఉదయం విచారణకు బయల్దేరేముందు, ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలా అనుకుంటుండగా ఆయనే వచ్చారు.

"ఆ హక్కు తీసెయ్యండి బావగారూ. ఇకమీదట నేను అలిగినా సరే, ఇవ్వబాకండి."