కుడి పక్క కూర్చున్న వాళ్లే చెప్పాలి

మా కాలంలో ఆడపిల్లకు కారు నడపడం వచ్చిందంటే ఆ ఇంట్లో డబ్బయినా ఎక్కువుండాలి, పెద్దవాళ్ల అదుపైనా తక్కువుండాలి అనుకునేవారు. మా ఇంట్లో ఆ రెండూ లేవు. ఉన్నదల్లా మౌలాలిలో ఒక రైల్వే క్వార్టరు, దాని ముందు రేకుల పందిరి, ఆ పందిరి కింద మా నాన్న అమెరికా కారు. ఏదో ప్రాజెక్టు పని మీద వచ్చిన దొర ఒకాయన వదిలి వెళ్తే అది చేతులు మారి మారి, ఆఖరికి ఇంజనైనా లేకుండా మా నాన్న దగ్గరకు చేరింది. రెండే తలుపులు, పొడవాటి బానెట్టు, పొట్టి డిక్కీ. ఊరికే నిలబడి ఉన్నా పరుగెత్తబోతున్నట్టే కనిపించేది. వర్క్‌షాపులో ఫిట్టరైన నాన్న దానికి పాత వ్యాను డీజిల్ ఇంజను బిగించి, రైలుపెట్టె రంగు వేశారు (ఆ రంగు బజార్లో కొన్నదేనని ప్రమాణం చేసేవారు, మేమెవరమూ అడగకపోయినా). తీరా స్టార్టు చేస్తే పొలంలో నీళ్ల మోటారులా డుబడుబమనేది. కాలనీలో పిల్లలు ఆ చప్పుడు వినగానే బిందెలు పట్టుకుని పరుగెత్తి వస్తున్నట్టు నటించి మమ్మల్ని ఏడిపించేవారు.

అమెరికా బండి కాబట్టి స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. మన రోడ్ల మీద దాంతో వచ్చిన చిక్కేమిటంటే, ముందు ఒక లారీయో బస్సో ఉంటే, దాన్ని దాటడానికి ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉందో లేదో నడిపేవాడికి కనబడదు. కుడి పక్క కూర్చున్న వాళ్లు తల బయటకు పెట్టి చూసి చెప్పాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. నాన్నను నేను మీరు అనే పిలిచేదాన్ని. కానీ "వెళ్లండి నాన్నా" అని మర్యాదగా అనేలోపు ఎదురు బస్సు వచ్చి మీద పడుతుంది కాబట్టి, కారులో ఉన్నంతసేపూ "పో", "ఆగు" అనడానికి నాకు అనుమతి ఉండేది. మా నాయనమ్మ ఒకసారి గుంటూరు నుంచి వచ్చి వెనక సీట్లో కూర్చుని, తన కొడుకును మనవరాలు "పో" అనడం విని, దారి పొడుగునా నాతో మాట్లాడలేదు.

మా సంఘంలో ఏ అమ్మాయి పెళ్లయినా పెళ్లికూతురు చర్చికి నాన్న కారులోనే వెళ్లాలి. అదెప్పుడు మొదలైందో నాకు తెలియదు గానీ ఆచారమై కూర్చుంది. తెల్ల చీర, ముసుగు, చేతిలో పూలగుత్తి, ఇన్నిటితో ఆ పిల్ల ముందు సీటు మడిచి వెనక్కి దూరడం ఒక ప్రహసనం. అయినా ఎవరూ వేరే బండి మాట ఎత్తేవారు కాదు. బానెట్టు మీద రిబ్బన్లు కట్టి, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక బండి కదిలేది. ఆ వేళ నాన్న ఇస్త్రీ బట్టల్లో స్టీరింగు ముందు కూర్చుంటే, నా పెళ్లికి కూడా ఇలాగే కూర్చుంటారని మురిసిపోయేదాన్ని.

నేను సీతాఫల్‌మండిలో ఒక చిన్న బడిలో టీచరుగా చేరిన కొత్తలో నాన్న చూపు తగ్గడం మొదలైంది. ముందు నాకే తెలిసింది. నిర్మానుష్యంగా ఉన్న రోడ్డు మీద, ముందు ఒక్క సైకిలైనా లేకుండా, "పోనా?" అని అడిగేవారు. నేను "పో" అనేదాన్ని. పరాచికమాడుతున్నారనుకున్నాను. తర్వాత సిగ్నలు దగ్గర "ఎరుపా?" అని అడిగారు. ఇక నవ్వు రాలేదు. కంటి డాక్టరు దగ్గరకు వెళ్లి వచ్చి చుక్కల మందు ఇచ్చాడని చెప్పారు గానీ, అమ్మ కూడా వెంట వెళ్లింది కాబట్టి దొరికిపోయారు. పోయిన చూపు ఇక రాదని, బండి మాత్రం ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి ఇల్లు దాటకూడదని నాన్న మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుని, కారు అమ్మకానికి పెట్టారు. అడిగిన వాళ్లకు విడిభాగాలు దొరకడం లేదని చెప్పారు. అయితే అమ్మేది పక్క క్వార్టరు బుజ్జి పెళ్లయ్యాకేనన్నారు. బుజ్జి వాళ్ల నాన్న, మా నాన్న ఒకే బల్ల మీద పని చేసినవాళ్లు. ఆయన సమాధి దగ్గర నిలబడి "నీ పిల్లను నేనే చర్చికి తీసుకెళ్తాను" అని మా నాన్న అందరి ముందూ అన్నారు. ఇప్పుడు చూపులేని మనిషి ఆ పిల్లను కూర్చోబెట్టుకుని మెట్టుగూడ మీదుగా సికింద్రాబాదు దాకా నడపాలి. అమ్మకు అన్నం సహించేది కాదు.

పెళ్లికి ముందే ఎవరో ఒకరు వచ్చి బండిని తోలుకుపోతే బాగుండునని అమ్మా నేనూ రోజూ ప్రార్థించేవాళ్లం. ఆ వారంలోనే అల్వాల్ నుంచి ఒకాయన వచ్చాడు. ఫంక్షన్ హాలు కడుతున్నాడట. నాన్న ఆయన్ను బండి చుట్టూ తిప్పి ఒక్కో లోపమే వివరించసాగారు.

"వానొస్తే కాళ్ల కిందికి నీళ్లొస్తాయండి."

"షెడ్డు ఏపిస్త సార్."

"ఎత్తు ఎక్కదు."

"మా హాలు కాడ ఎత్తే లేదు."

"హారన్ మోగిందంటే ఒక్కోసారి ఆగదు."

"బ్యాటరీ తీసి అవుతల పెడ్త. నడుపుడు ఎందుకు సార్, హాలు ముందట నిలబెడ్త. పెండ్లి జంటలు పక్కన నిలబడి ఫోటోలు దిగుతరు."

నాన్న మొహం మాడిపోయింది. ఆ బండి అందం గురించి జీవితంలో విన్న పెద్ద పొగడ్త అదే, పెద్ద అవమానమూ అదే. నేను తలుపు చాటు నుంచి "ఇవాళే తీసుకెళ్లండి" అని సైగ చేశాను. ఆయన సంతోషంగా తలూపాడు గానీ నాన్న వదలలేదు. "శనివారం పెళ్లుంది. ఆదివారం ఆరాధన అయ్యాక రండి" అన్నారు. "గట్లనే కానియ్యండి" అని ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

శుక్రవారం సాయంత్రం అమ్మ నన్ను ముందుకు తోసింది. "నాన్నా, రేపు మీరు నడపొద్దు" అన్నాను. ఆయన రిబ్బన్లు కత్తిరిస్తున్నారు. తలెత్తకుండానే "కుడి పక్కన నువ్వుంటావుగా, నాకేం" అన్నారు. నాకు మౌలాలి మైదానంలో డ్రైవింగు నేర్పింది ఆయనే, లైసెన్సు ఇప్పించింది ఆయనే, కానీ పెద్ద రోడ్డు మీద ఏనాడూ స్టీరింగు ఇవ్వలేదు. నేను నడుపుతానని అనడానికి నోరు రాలేదు.

శనివారం ఉదయం బుజ్జి, వాళ్లమ్మ వెనక సీట్లో సర్దుకున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కాతో స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను కుడి తలుపు దగ్గర నిలబడ్డాను. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన అబ్రాహాముతో మొదలై నెమ్మదిగా వర్తమానానికి వచ్చేది. కాలనీ అంతా తలలు వంచి కళ్లు మూసుకుంది. "ఆమేన్" అని నేను కళ్లు తెరిచేసరికి స్టీరింగు ముందు ఎవరూ లేరు. నాన్న కుడి సీట్లో ఉన్నారు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నేను కూర్చునే తీరులోనే. ఎవరూ చూడకుండా అటునుంచి ఇటు జరిగారు. గేరు రాడ్డు దాటేటప్పుడు ప్యాంటుకు గ్రీజు అంటింది.

"అదేంటి అన్నయ్యా?" అంది బుజ్జి వాళ్లమ్మ.

"పిల్ల నేర్చుకుంది కదా, ఇవాళ దాని చేత నడిపిద్దాం. నేను పక్కనే ఉంటాను" అన్నారు నాన్న, కాలనీ అంతటికీ వినబడేలా.

కొంగు నడుముకు దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. లాలాగూడ దాటామో లేదో, మా ముందుకు నీళ్ల ట్యాంకరు ఒకటి వచ్చి చేరింది. నీళ్లు ఒలకబోసుకుంటూ, పెళ్లి దానిదే అన్నంత తీరికగా పోతోంది. నాన్న తల బయటకు పెట్టి గట్టిగా "పో, ఖాళీ" అన్నారు. నేను పోలేదు. కాసేపాగి మళ్లీ "పో, ఖాళీ" అన్నారు. ఎదురుగా బస్సు సర్రున వెళ్లింది. నేను ట్యాంకరు వెనకే ఉన్నాను. చర్చిలో టైమైపోయిందని బుజ్జి వాళ్లమ్మ కంగారు పడింది. "అన్నయ్య చెప్తున్నాడుగా, పోవే తల్లీ" అంది. నాకు ఏడుపొస్తోంది. ఆయన మాట వింటే ఏమవుతుందో నాకు తెలుసు. వినకపోతే ఆయనకేమవుతుందో కూడా తెలుసు.

మెట్టుగూడ దగ్గర నాన్న నా వైపు వంగారు. డీజిల్ ఇంజను చప్పుడులో నాకొక్కదానికే వినబడేట్టు, "నా మాట మీద పోవడం లేదు కదా?" అని అడిగారు.

"లేదు నాన్నా."

"మంచి పని. నీ చోట ఉంటే నేనైనా పోను."

తర్వాత నిటారుగా కూర్చుని, వెనక సీటుకు వినబడేలా, "ఆగు, బస్సొస్తోంది" అన్నారు. బస్సేదీ రాలేదు. నేను ఆగాను.

చర్చి చేరేసరికి సంఘం ఉన్న పాటలన్నీ పాడేసి మొదటికి వచ్చిందట. పెళ్లికొడుకు వాళ్ల తరఫు పెద్దాయన "ఇంత ఆలస్యమేంటండీ" అని నాన్నను అడిగితే, "కొత్త డ్రైవరండీ, భయస్తురాలు" అని నా మీదకు తోసేశారు. నేను మూతి ముడుచుకుని పెళ్లి భోజనం సగంలో లేచాను. మర్నాడు ఆ ఫంక్షన్ హాలు ఆయన వచ్చి బండిని తాడు కట్టి లాక్కెళ్తుంటే కూడా నేను నాన్నతో మాట్లాడటం లేదు, బండి మీద బెంగతో కాదు, భయస్తురాలు అన్నందుకు. అంతటి మనిషి తన పరువును నా చేతిలో పెట్టి పక్కకు జరిగి కూర్చుంటే, నాకేమో కోపమొచ్చింది డ్రైవింగుకు వంక పెట్టారని.