చెప్పింది చెప్పినట్టు

ఆ రోజు మధ్యాహ్నం మా అత్త ఇంటికి వచ్చి, కట్టుకున్న చీరతోనే పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని నెత్తిన నీళ్లు కుమ్మరించుకుంది. నేను వరండాలో మిషను మీద జాకెట్టు కుడుతున్నాను. ఆ వేళప్పుడు తలకు పోసుకుంటోందంటే ఎక్కడో చావుకు వెళ్లి వచ్చిందనుకున్నాను.

"ఎవురన్నా పోయినారా అత్తా?" అని అడిగాను.

"ఎవురూ పోలేదు. నువ్వు నీ పని చూసుకో," అంది. గొంతు మామూలుగానే ఉంది.

మాది నటేశన్ నగర్. మా అత్తవాళ్లు తాతల కాలం నుంచీ పుదుచ్చేరిలోనే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను నెల్లూరు జిల్లా నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మామ పోయాక అత్త ఊరికే కూర్చోలేక లాస్‌పేటలో కాలేజీ పిల్లలకు భోజనం పెట్టే ఒక మెస్సులో వంటకు కుదిరింది. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. మెస్సు యజమాని ఆమెకన్నా బాగా చిన్నవాడు. "పెద్దమ్మా" అని పిలిచేవాడు. దీపావళికి చీర పెట్టేవాడు.

ఆ సాయంత్రం ఆమె అన్నం ముట్టలేదు. నడుము పట్టేసిందని చెప్పి, కూర్చోవాలన్నా లేవాలన్నా గోడ పట్టుకుంది. మరునాడు పనికి వెళ్లలేదు. పొద్దెక్కాక నా ఫోను మోగింది. చేతిలో కుట్టు ఉంటుంది కాబట్టి స్పీకర్ పెట్టి మాట్లాడటం నాకు అలవాటు. మెస్సు యజమాని. "పెద్దమ్మ రాలేదేంటి, ఒంట్లో బాగాలేదా?" అని తమిళంలో ఎంతో మర్యాదగా అడిగాడు. లోపల చాప మీద పడుకున్న అత్త ఆ గొంతు విని లేచి కూర్చుంది. బయటికి రాబోయి, రాలేక, కూర్చున్నచోటే కక్కుకుంది.

ఫోను పెట్టేసి ఆమె నోరు కడిగించాను. నేల తుడిచాను. "ఏంది అత్తా, ఏమైంది?" అని ఎన్నిసార్లు అడిగానో. ఆమె నావైపు చూడలేదు.

"వాడు షట్టర్ దించినాడు మే," అంది చివరికి. "పిల్లోళ్లంతా తినేసి పోయినారు. నేను అన్నం వండే అండాలు కడగతా ఉండా. వొద్దురా, నేను నీకు పెద్దమ్మనురా అంటి. ఇనలేదు."

అంతే చెప్పింది. కాసేపటికి మళ్లీ, "నా కొడుక్కి చెప్పొద్దు," అంది.

ఇలాంటిది జరిగితే ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియదు. టీవీలో విన్నవన్నీ వయసు పిల్లల గురించే. బకెట్లో నానేసిన లంగాకు రక్తం మరక ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలన్నది ఒక్కటే తోచింది. మా కాలనీలో ఒక డాక్టరమ్మ ఉంది, మా ఇంట్లో అందరికీ ఆమే చూస్తుంది. అత్తను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికెళ్లి చెప్పాను. ఆమె నొచ్చుకుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కానీ లేచి వచ్చి చూడలేదు. "ఇది పోలీసు కేసమ్మా, నేను ముట్టుకోకూడదు. పెద్దాస్పత్రికి పొండి," అంది. ముట్టుకోవచ్చనీ, ముందు వైద్యం చేయాల్సింది ఆమేననీ నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం ఆమె చెప్పిందే నిజమనుకుని అత్తను ఆటో ఎక్కించాను.

ప్రభుత్వ ఆస్పత్రిలో చీటీ రాసే మనిషి ఏం కంప్లయింట్ అని అడిగాడు. వెనకాల జనం నిలబడి ఉన్నారు. నేను వంగి మెల్లగా చెప్పాను. అతను నా భుజం మీదుగా అత్తను చూశాడు. నెరిసిన తల, ముడతలు పడిన చేతులు. "ఈమెకా?" అన్నాడు. తర్వాత, పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెస్తేనే చూస్తారని చెప్పి వెనకాల మనిషిని రమ్మన్నాడు.

అత్తకు ఆ మాట వినబడింది. "పోదాం పా. నేను చెప్పలా, యాడికీ వొద్దని," అని నడక మొదలుపెట్టింది. ఆమె కాళ్లు ఎడంగా పడుతున్నాయి. సైకిల్ స్టాండ్ దగ్గర నీడలో ఆమెను నిలబెట్టాను. మా వీధి అంగన్‌వాడీ గోడ మీద ఆడవాళ్ల హెల్ప్‌లైన్ అని ఒక నంబరు రాసి ఉంటుంది. మూడంకెలే కాబట్టి గుర్తుండిపోయింది. చేశాను. ఎవరో ఒకామె ఎత్తింది. నేను చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆమె ఆగి, మొత్తం విని, "పోలీసు కాగితం అక్కర్లేదు. వైద్యం చేయనని చెప్పే హక్కు వాళ్లకు లేదు. కేసు పెట్టాలా వద్దా అన్నది మీ అత్తగారి ఇష్టం, అది తర్వాత. మీరు అక్కడే ఉండండి, మనిషిని పంపుతాను," అంది.

"తలకు పోసుకునేసింది, బట్టలు కూడా నానేసింది," అన్నాను, అదేదో మా తప్పయినట్టు.

"పరవాలేదు. అయినా చూస్తారు," అంది.

వచ్చినామె కౌన్సెలర్. నా ఈడుదే, చేతికి హెల్మెట్ తగిలించుకుని గబగబా వచ్చింది. లోపల ఎవరితో ఏం మాట్లాడిందో, మమ్మల్ని ఆ వరసలోంచి తప్పించి ఒక చిన్న గదికి తీసుకెళ్లింది. ఇలాంటి ఆడవాళ్ల కోసమే ప్రభుత్వం నడిపే కేంద్రం అట. ఒక మంచం, రెండు కుర్చీలు, ఫ్యాను. అత్తకు కుర్చీలో కూర్చోవడం కష్టమని గమనించి మంచం మీద ఒరిగి పడుకోమంది.

కౌన్సెలర్ తమిళంలో అడిగింది. మా అత్త పుట్టినప్పటి నుంచీ తమిళం మాట్లాడే మనిషి. చేపల మార్కెట్లో ఆమె నోటికి ఎవరూ ఆగలేరు. ఆ గదిలో మాత్రం ఒక్క తమిళం ముక్క ఆమె నోట్లోంచి రాలేదు. అడిగేది అర్థమవుతోంది, తల ఊపుతోంది, జవాబు మాత్రం తెలుగులోనే వస్తోంది. కౌన్సెలర్ నావైపు తిరిగి, "మీరు తమిళంలో చెప్పగలరా? కష్టంగా ఉంటే తెలుగు తెలిసినవాళ్లను వేరే పిలుస్తాను," అంది. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనే చెప్తానన్నాను.

అత్తాకోడళ్ల మధ్య ఎప్పుడూ దొర్లని మాటలు అవి. ఆమె కళ్లు మూసుకుని చెబుతోంది, నేను నేల చూస్తూ తమిళంలోకి మారుస్తున్నాను. ఒకచోట ఆమె, "అరవబోతే మసిగుడ్డ నోట్లో కుక్కినాడు," అంది. నా నోటికి ఆ మాట రాలేదు. "నోరు మూశాడట," అని కౌన్సెలర్‌తో అన్నాను.

అత్త కళ్లు తెరిచింది.

"నేను అట్లా చెప్పలా. మసిగుడ్డ. అండాలు దించే మసిగుడ్డ. చెప్పింది చెప్పినట్టు చెప్పు."

ఆ తర్వాత ఒక్క మాట కూడా మార్చలేదు. ఆమె చెప్పిన ప్రతిదీ నా నోటితో చెప్పాను. మధ్యలో నేను ఆగిపోతే కౌన్సెలర్ నీళ్లిచ్చింది, తొందరపెట్టలేదు.

తర్వాత లేడీ డాక్టర్ వచ్చింది. చాలా చిన్నపిల్ల, మొన్నమొన్న చదువు పూర్తిచేసినట్టుంది. ఏం చూస్తుందో, ఎందుకు చూస్తుందో ముందే చెప్పింది. ఏ దశలోనైనా వద్దనవచ్చని చెప్పింది. మీ కోడలు ఉండొచ్చా అని అత్తను అడిగింది. అత్త ఉండమంది. గాయాలు చూసేటప్పుడు ప్రతిసారీ, "ఇక్కడ చూడనా అమ్మా?" అని అడిగి, అత్త ఊ అన్నాకే చెయ్యి వేసింది. ఒకసారి మాత్రం అత్త ఒళ్లు బిగుసుకుని "వొద్దు!" అని అరిచింది. తెలుగులోనే. డాక్టర్‌కు ఆ మాట తెలుసో లేదో, వెంటనే చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి జరిగింది. "ఆపేశానమ్మా. మీరు చెప్పేదాకా ముట్టుకోను," అంది.

అత్త ఆమెను కాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగి, "వొద్దంటే నిలిపేసిందే మే," అంది. అప్పుడు ఏడ్చింది. ముందురోజు మధ్యాహ్నం నుంచీ రాని ఏడుపు.

గాయానికి కుట్లు పడ్డాయి. సూదులు వేశారు, రక్తం తీసుకున్నారు, చెడ్డ జబ్బులు సోకకుండా మాత్రలిచ్చారు. ఇంకా ముందే వచ్చి ఉంటే మంచిదే కానీ ఇప్పటికీ ఆలస్యం కాలేదన్నారు. కేసు పెడితే పనికొస్తుందని నానేసిన లంగాను కూడా తెమ్మన్నారు. ఆ మాత్రలు నెలపాటు వాడాలి. మింగిన ప్రతిసారీ వాంతులే. కొడుకు దగ్గర దాచడం కుదిరే పని కాదు. కౌన్సెలర్ అత్తను అడిగి, ఆమె సరేనన్నాకే, ఒక ఆదివారం ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పింది.

మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. విన్నంతసేపూ తలెత్తలేదు. విన్నాక లేచి, "వాణ్ణి నరికేస్తా," అన్నాడు.

"నరికి జైలుకు పో. అప్పుడు నేను నా కేసుకూ తిరగాల, నీ కేసుకూ తిరగాల," అంది అత్త.

ఆయన కూర్చున్నాడు. ఆ రోజు నుంచి తల్లి మొహం చూసి మాట్లాడటం మానేశాడు. కోపం కాదు. ఆమె వంటింట్లోకి వస్తే ఈయన వీధిలోకి వెళ్తాడు. మాత్రలు మాత్రం తనే తెచ్చి గూట్లో పెడతాడు. అత్త ఒకసారి, "వాడికి నన్ను చూస్తే అదే కనపడతాంది," అంది.

కంప్లయింట్ ఇస్తానని అత్తే అంది. ఎవరూ బలవంతం చేయలేదు. స్టేషన్‌కు కౌన్సెలర్ కూడా వచ్చింది. "ఈ వయసులో ఎందుకమ్మా ఈ తిరుగుళ్లు?" అని అక్కడి పోలీసు ఒకాయన అన్నాడు. ఆయన జాలిపడే అన్నాడనుకుంటాను, అందుకే ఇంకా కష్టమనిపించింది. కేసు రాశారు. మెస్సు యజమానిని పట్టుకెళ్లారు. కొన్నాళ్లకే బెయిల్ మీద వచ్చాడు. మా తరఫున వాదించడానికి ఉచితంగా ఒక లాయరమ్మను ఇచ్చారు. మంచిదే, కానీ ఆమె చేతిలో కేసులు చాలా ఉన్నాయి.

అరెస్టప్పుడు మూతపడ్డ మెస్సు మళ్లీ తెరిచారని నాకు కూరగాయల అంగట్లో తెలిసింది. అత్తకు చెప్పకూడదనుకున్నాను, కానీ ఇంకెవరో చెప్పారు.

"వంటకు ఎవురిని పెట్టుకున్నాడంట?" అని అడిగింది.

"ఎవరో ఒకామె. సేదరపేట్ దగ్గరనుంచి వస్తుందంట."

"ఎంత వయసు?"

"తెలీదత్తా."

"ఆమెకు ఎవురన్నా చెప్పినారా?"

రోజంతా అదే మాట. తనే వెళ్లి చెబుతానంది. అక్కడికి వెళ్తే కేసు చెడుతుందని లాయరమ్మ గట్టిగా చెప్పింది. అత్త కౌన్సెలర్‌ను పట్టుకుంది. ఆస్పత్రి రోజు నుంచీ అత్త వారంవారం ఆమె దగ్గరికి వెళ్లి మనసులోది చెప్పుకుని వచ్చేది. ఆ వారం తన సంగతి ఏమీ మాట్లాడకుండా ఆ కొత్తామె గురించే మాట్లాడింది. కౌన్సెలర్ ఒకరోజు ఆ వంటామెను దారిలో కలిసి మాట్లాడి వచ్చింది. ఏమందో మాకు చెప్పడానికి ఆమెకు మనసు రాలేదు. అత్త వదల్లేదు.

"'నాకు తెలుసు, అందరూ చెప్పారు' అందామె," అని కౌన్సెలర్ చివరికి చెప్పింది. "'పిల్లలు తిని వెళ్లేలోపే నేనూ వెళ్లిపోతాను, వేరే పని దొరికేదాకా ఎట్లాగో నెట్టుకొస్తాను' అంది."

తిరిగొచ్చేటప్పుడు అత్త బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దిగేదాకా బయటికే చూసింది. ఇంటికొచ్చాక తినలేదు.

కేసు ఇంకా నడుస్తోంది. వెళ్తాం, జడ్జి సెలవనో, సాక్షి రాలేదనో వాయిదా వేస్తారు, తిరిగి వస్తాం. మొన్నటి వాయిదాకు మా ఆయన కూడా వచ్చాడు. లోపలికి రాలేదు, బయట బండి దగ్గరే నిలబడ్డాడు. మేము బయటికి రాగానే, "ఏమైంది?" అని నన్నే అడిగాడు. ఇంకో నెలకు వేశారని చెప్పాను. అత్త చెప్పులు వేసుకుంటూ, "ఇంకో నెలకైతే ఇంకో నెలకు. వస్తాను," అంది, కొడుకు వైపు చూసి. ఆయన తల ఊపాడు.