రూల్సు మావయ్య

మా మావయ్యకి ఆటలు రావు, రూలు పెట్టడం వచ్చు. ఎవరైనా ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడబోతున్నారని తెలిస్తే చాలు, కంచం ముందునుంచి కూడా లేచి వస్తాడు. అందుకే మా బిల్డింగంతా ఆయన్ని రూల్సు మావయ్య అంటుంది.

పాచికలు గ్లాసులో గిలకరించి వెయ్యాలి. "చేత్తో వేస్తే వేళ్లకి ఆశ పుడుతుందమ్మాయ్!" దాగుడుమూతల్లో దొంగ ఆయన బొజ్జకి మొహం ఆనించి లెక్కపెట్టాలి. "వేళ్లకైతే సందులుంటాయి. నా బొజ్జకి లేవు." చివరికి ఇంట్లో మిగిలిన కేకు ముక్క కూడా ఒకరు కోస్తే, రెండోవాళ్లు ముందు తీసుకోవాలి. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఈయన పెద్ద ముక్క తినలేదు, నన్నూ తిననివ్వలేదు," అంటుంది అత్తయ్య.

విచిత్రమేమిటంటే, రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి, ఆటలో తొండి చేసినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణీ పట్టుకోలేదు.

పోయినేడు మా బిల్డింగు క్యారమ్స్ ఫైనల్లో అత్తయ్యకీ మందుల షాపాయనకీ పోటీ. అంపైరు ఇంకెవరు, మావయ్యే. షాపాయనకి ఆ రోజు ప్రాణసంకటం. కొత్తల్లుడు కుర్చీ లాక్కుని మరీ పక్కనే కూర్చున్నాడు.

"మీరు క్యారమ్స్‌లో పులి అటగా మావగారూ!"

పులిగారు ఓడిపోతున్నారు. అత్తయ్యకి ఒక్క కాయ మిగిలింది. షాపాయన స్ట్రైకరు సర్దుకుంటున్నట్టు ముందుకి వంగాడు. వదులుగా వేలాడుతున్న చొక్కా చెయ్యి బోర్డు మీద పాకుతూ వెళ్లి, ఆయన కాయనొకదాన్ని హోలు అంచుదాకా తోసేసింది. నేను చూశాను. మావయ్యా చూశాడు.

"ఆపండి!"

షాపాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా మోకాలు తగిలి బల్ల కదిలింది. ఈ ఆట చెల్లదు. మొదటినుంచీ ఆడండి," అన్నాడు మావయ్య.

అత్తయ్య లేచి నిలబడింది. "నాకు ఒక్క కాయే ఉందండీ!"

"రూలంటే రూలే. ఇంకోటి, అందరూ చొక్కా చేతులు మోచేతుల పైకి మడవాలి. చూసేవాళ్లు కూడా!"

కొత్తల్లుడు సైతం తన ఇస్త్రీ చొక్కాని ఉసూరుమంటూ మడిచాడు. షాపాయన అందరికంటే ముందే మడిచేశాడు.

రెండోసారి ఆట హోరాహోరీగా సాగింది. షాపాయన చివరి కాయ వేసేశాడు. చప్పట్లు, అల్లుడి ఈల. ఆయన మాత్రం ఆ కాయని తీసి బోర్డు మధ్యలో పెట్టాడు.

"ఫౌలండీ. నా వేలు కాయకి తగిలింది."

అది ఎవరూ చూడలేదు, మావయ్యతో సహా. తర్వాతి దెబ్బకి అత్తయ్య గెలిచింది. "ఇంత నిజాయితీ నేనెక్కడా చూళ్లేదు మావగారూ!" అని అల్లుడు చేతులు పట్టుకుంటే, షాపాయనకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చాక నిలదీశాను. "చూసి కూడా ఎందుకు ఊరుకున్నావు మావయ్యా?"

"టికెట్టు లేనివాణ్ణి పెళ్లాం పిల్లల ముందు లేపితే వాడి మొహం ఎలా అయిపోతుందో చాలాసార్లు చూశానమ్మాయ్. ఇంక చూడలేను. నేను రూలు పెట్టేది మనుషుల్ని పట్టుకోడానికి కాదు, పట్టుకునే అవసరం రాకుండా."

అత్తయ్య కాఫీ గ్లాసు ఠక్కున పెట్టింది. "నేను మాత్రం చూడలేదనుకున్నారా? మీరు కేక వెయ్యకపోతే, చెయ్యి తగిలినట్టు నేనే కాయలన్నీ చెదరగొట్టేదాన్ని."

మావయ్య నోరు తెరిచాడు. "మరి ఒక్క కాయే ఉందని నా మీదకి అంత గొడవకొచ్చావేం?"

"రాకపోతే అల్లుడికి అనుమానం రాదూ?"