ఆ పంపులో ఏదీ మారలేదు

తమిళనాడు అంచున, హోసూరు పక్కనుండే మత్తిగిరిలో మా వీధివాళ్ళు నన్ను రెండు రకాలుగా గుర్తుపట్టేవారు. ఒకటి, లైబ్రరీకి పోయే డ్రైవరు. రెండు, దావలో ఆగిపోయే వ్యాను ఆయన. మొదటిది వింటే గర్వంగా ఉండేది. రెండోది వినబడితే తల వంచుకుని నడిచేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే తల వంచుకోవలసింది మొదటిదానికే అనిపిస్తుంది.

నేను తెలుగు బడిలో తొమ్మిది వరకే చదివాను. హోసూరు లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఒక్క బీరువాకే సరి. అవి రెండేళ్లలో అయిపోయాయి. తర్వాత అక్షరాలు కూడబలుక్కుంటూ తమిళం చదవడం నేర్చుకుని తక్కిన బీరువాల మీద పడ్డాను. పడమటి గాలి ఎట్లా పుడుతుందో, గుండె ఎట్లా కొట్టుకుంటుందో టీ అంగడిలో అడగనివాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి.

తొంభైల చివర్లో, అప్పటికే ఇద్దరి చేతులు మారిన డీజిల్ వ్యాను ఒకటి కొన్నాను. బేరిగైలో రైతుల దగ్గర టమోటాలు, కోసు అనే క్యాబేజీ ఎత్తుకుని శూలగిరి మీదుగా కృష్ణగిరి మండీకి చేర్చడం నా పని. బండి ఆలస్యమైతే వేలం ముగిసిపోతుంది, బుట్టల్లో టమోటా మెత్తబడుతుంది.

ఒక దసరా ముందర డీజిల్ పంపు కారుతుంటే మా మెకానిక్ దగ్గర విప్పించాను. బాగలూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. యాభై దాటిన మనిషి, చదువు రాదు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని వినేవాడు. లోపల ఏది వదులైందో అట్లా పట్టేసేవాడు. పంపు విప్పి, తుడిచి, వాషర్లు మార్చి బిగించాడు. కారడం ఆగింది.

వారానికి ఆయుధ పూజ. వ్యాను కడిగి, గంధం కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, వీధంతా బొరుగులు పంచాం. ఆ తర్వాత మొదలైంది బాధ.

బేరిగైలో బాగానే బయలుదేరేది. శూలగిరి దాటాక, యాక్సిలేటర్ ఎంత తొక్కినా బలం లేక దగ్గి దగ్గి ఆగిపోయేది. బానెట్ ఎత్తి అరగంట నిలబడితే మళ్ళీ స్టార్టయ్యేది. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే ఒక్క తప్పూ చూపించేది కాదు. డీజిల్ పట్టించిన రోజు ఇంకొంత దూరం బాగా పోయేది. దాంతో ఆ బంకులో డీజిల్ మంచిదని అందరికీ చెప్పడం మొదలుపెట్టాను.

నాలుగోసారి ఆగిన రోజు లైబ్రరీలో డీజిల్ ఇంజన్ల గురించిన తమిళ పుస్తకం దొరికింది. ఇంటికి తెచ్చుకుని మూడు రోజులు కూర్చుని చదివాను. డీజిలును ఒత్తిడితో తోసే కడ్డీ ఒకటి పంపులో ఉంటుంది, మెకానిక్కులు ఎలిమెంట్ అంటారు. అది అరిగితే ఇంజను వేడెక్కాక బలం తగ్గుతుంది, చల్లారితే మళ్ళీ పనిచేస్తుంది అని ఉంది. నా బండి జాతకం రాసినట్టే ఉంది. కొన్నప్పుడు పంపు బాగుంది. ఆయన విప్పాక చెడింది. అంటే మంచి ఎలిమెంట్ తీసుకుని అరిగినది వేశాడు. ఇంతే నా లెక్క. పుస్తకంలోని పంపు పటం నోటుబుక్కులో దించుకుని, రంగు పెన్సిలు కూడా వేసుకున్నాను.

షెడ్డుకు పోయిన పొద్దు, ఎదురుగా టీ అంగడి బెంచీ మీద నలుగురు డ్రైవర్లు ఉన్నారు. నేను నోటుబుక్కు తెరిచి మెకానిక్ ముందర పెట్టాను.

"అన్నా, పంపు లోపల ఇది మార్చినావా?"

ఆయన పటం చూడలేదు, నా ముఖం చూశాడు. "వాషర్లు మార్చినాను. అది ముట్టుకోలేదు. ఎందుకప్పా?"

"దావలో ఆగిపోతా ఉంది గదా."

"ట్యాంకు నుంచి చూసుకుంటా వస్తాం. బండి ఈడ పెట్టిపో."

"ట్యాంకులో ఏముంది? పుస్తకంలో పంపనే ఉంది."

బెంచీ మీద ఒకాయన గ్లాసు దించి అడిగాడు. "ఆ పుస్తకానికి లైసెన్సు ఉందా అప్పా?"

అందరూ నవ్వారు. మెకానిక్ కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వే నాకు ఎక్కడో గుచ్చుకుంది. నోటుబుక్కు మూసి, వాళ్ళందరికీ వినబడేలా అన్నాను: "నవ్వుకోండి. నా పంపులో ఉండిన మంచి ఎలిమెంట్ యాడికి పోయిందో, ఎవరి బండిలో ఉందో అన్నకు తెలుసు."

నవ్వు ఆగిపోయింది. మెకానిక్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"అట్లనా," అన్నాడు. అంతే. లోపలికి పోయాడు.

ఆ నలుగురిలో ఇద్దరు తర్వాత తమ బండ్లు ఆయన దగ్గరికి తేలేదు. నాకది తెలుసు. తెలిసి, నా మాటకు విలువ ఉందని లోపల సంతోషపడ్డాను కూడా. ఈ వాక్యం రాయడానికి చాలా సేపు పట్టింది.

నెల తిరక్కముందే ఒక ఉదయం శూలగిరి దాటాక మళ్ళీ ఆగింది, వెనక నిండా టమోటా. డీజిల్ ఎంతుందో పుల్ల ముంచి చూద్దామని ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. ట్యాంకు రేకు డబ్బుమని శబ్దం చేసింది, లోపలికి అణిగినది మళ్ళీ లేచినట్టు. మూత చేత్తో పట్టుకునే స్టార్ట్ చేశాను. ఒక్క తిప్పుకే అందుకుంది.

మూత వైపు చూశాను. నడుమ గంధం, దాని మీద కుంకుమ, రూపాయి బిళ్ళంత మందంగా గడ్డకట్టి ఉంది. బండి అన్నం తినే నోరు అదేనని ఆయుధ పూజనాడు అక్కడ ముందుగా బొట్టు పెట్టింది నేనే. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పాతది తుడవకుండా దాని మీదే పెడుతూ వచ్చింది కూడా నేనే. తుమ్మ ముల్లు విరిచి గీకితే అడుగున సూది మొనంత రంధ్రం బయటపడింది. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి అది. అది మూసుకుపోతే డీజిల్ ఇంజనుకు రాదు. అరగంట నిలబెడితే సందుల్లోంచి కొంచెం గాలి దూరేది, బంకులో మూత తీస్తే నిండా దూరేది.

సాయంత్రం లైబ్రరీకి పోయి ఆ పుస్తకం మళ్ళీ తీశాను. బండి ఆగితే మొదట చూడవలసినవి అని ఒక పేజీ ఉంది. ట్యాంకు మూత రంధ్రం రెండో వరుసలోనే ఉంది. ఆ పేజీ నేను చదవలేదు. కొత్తవాళ్ళకోసం రాసినదనుకుని తిప్పేశాను.

ఆ తర్వాత వ్యాను ఆగలేదు. నేను మాత్రం నాలుగు నెలలు బాగలూరు రోడ్డు మీద పోకుండా చుట్టు తిరిగాను. చివరికి ఒక మధ్యాహ్నం పోయాను. ఆయన ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్ళకే చెప్పాను.

"అన్నా, పంపు బాగుంది. మూత రంధ్రం బొట్టుతో మూసుకుపోయిండె."

"ఎవరు పెట్టింది బొట్టు?"

"నేనే."

"తప్పు ఇంట్లో ఆడమనిషి మీద నెట్టకుండా ఉండావు, అంతవరకు మేలు." స్పానర్ తిరుగుతున్న శబ్దం ఆగలేదు. "ఇదంతా నాకెందుకు చెప్తావప్పా? నేను తీయలేదని నాకు తెలుసు గదా. ఆ పొద్దు టీ తాగతా ఉండినోళ్ళకు చెప్పు."

బెంచీ మీద ఆ రోజువాళ్ళలో ఇద్దరే ఉన్నారు. నిలబడి మొదలుపెట్టాను. ట్యాంకులో వాయు పీడనం అన్నాను, శూన్యం అన్నాను, పుస్తకంలోని మాటలన్నీ వరసగా వచ్చాయి.

"అంటే ఏమప్పా?" అన్నాడు లైసెన్సు గురించి అడిగినాయన.

"అన్న ఏమీ మార్చలేదు. నేను తప్పు మాట అన్నాను."

"మరి దేనికి ఆగిండె?"

నోటి దాకా వచ్చింది. మళ్ళీ నవ్వుతారు అనిపించింది.

"మూతలో దుమ్ము పట్టిండె," అన్నాను.

వెనక్కి తిరిగితే మెకానిక్ షెడ్డు వాకిట్లో నిలబడి ఉన్నాడు. విన్నాడు. మళ్ళీ బండి కిందికి పోయి పడుకున్నాడు.

ఆ తర్వాత వ్యాను అమ్మేదాకా ఆయన దగ్గరే పని చేయించుకున్నాను. ఏటా ఆయుధ పూజకు బొరుగుల తట్టతో పోతే, ఆయన తడిగుడ్డ తీసుకుని ముందు డీజిల్ ట్యాంకు దగ్గరికి నడిచేవాడు. మూత శుభ్రంగా తుడిచి, బంపర్ మీద తన వేలితో ఒక చిన్న బొట్టు పెట్టేవాడు. టీ అంగడివాళ్ళకు చెప్పిన దుమ్ము మాట దిద్దకుండానే ఏళ్ళు గడిచిపోయాయి. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు.

అది దుమ్ము కాదు. గంధం, కుంకుమ. నా ఉంగరపు వేలితో పెట్టాను.