చైనాకు పోయొచ్చిన మా అత్త

మా అత్త పోయింది. పోయిన నెల ఒక ఉదయం, పత్తికొండలో వాకిట్లో కూర్చుని టమాటాలు ఏరుతూ అట్లాగే పక్కకు ఒరిగిపోయిందట. కర్నూలులో నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతుండగా ఫోన్ వచ్చింది. బస్సులో రెండు గంటల దారి. గట్టిగా ఏడవడానికి కూడా లేదు, పక్క సీట్లో మా పాప నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఏం చెప్పాలో తోచక, జేజికి, అంటే వాళ్ల నాయనమ్మకు, బాగాలేదని మాత్రం చెప్పాను. నమ్మలేదు గానీ నమ్మినట్టు తల ఊపింది. ఈ పెద్దరికం జేజి దగ్గర నేర్చుకున్నదే.

పత్తికొండలో మా అత్తకు ‘చైనాకు పోయొచ్చినామె’ అని పేరు. నిజానికి మేం పోయింది అరుణాచల్ ప్రదేశ్‌కు, పాపను దత్తత తెచ్చుకోవడానికి. పాప చిన్న కళ్లు, గుండ్రటి ముఖం చూసి ఊరంతా కలిసి మమ్మల్ని చైనాకు పంపించేసింది. అత్త కాదనేది కాదు. “అవునప్పా, చైనాకే పోయింటిమి. నిన్నూ పిలుద్దామనుకుంటి, టీ అంగడికాడ నువ్వు శానా పనిలో ఉంటివి” అనేది. అదే ఎవరైనా పాపను ‘చైనా’ అని పిలిస్తే మాత్రం ఊరుకునేది కాదు. “దానికి పేరుండాది. నోరు తిరక్కపోతే చెప్పు, నేను తిప్పుతా” అని మీదికి పోయేది.

పెళ్లయి పదకొండేళ్లయినా మాకు పిల్లల్లేరు. దత్తత కోసం ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకుని మూడేళ్లు ఎదురుచూశాక, ఒకరోజు ఫోన్‌లో ఫొటో వచ్చింది. రెండున్నరేళ్ల పాప. రెండు రోజుల్లోగా ఒప్పుకోవాలి, లేదంటే ఇంకొకరికి చూపిస్తారు. మొదటి రోజంతా నేనూ మా ఆయనా ఆ ఫొటో గురించి తప్ప మిగతావన్నీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, పాప ముఖం మా ముఖాల్లా లేదని నేను భయపడ్డాను. అత్త ఏమంటుందోనని ఇంకా ఎక్కువ భయపడ్డాను. రెండో రోజు పొద్దున్నే బస్సెక్కి పత్తికొండ టమాటా మార్కెట్‌కు పోయాం.

గంపల మధ్య కూర్చున్న అత్త, చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. మా ఆయన ఒక గంపను పక్కకు జరిపి దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పాల.”

“చలికి మూతి పగిలిండాది చూడు,” అంది అత్త. “ఇంత వెన్న పూసే దిక్కు లేదా ఆడ? ఎప్పుడు పోతాండాము?”

అంటే తనూ వస్తుందన్నమాట. అక్కడే, ఆ గంపల మధ్యనే నిలబడి మా ఆయన ఒప్పుకుంటున్నట్టు ఫోన్‌లో నొక్కాడు.

అత్త గొర్రెలు మేపే ఇంట్లో పుట్టింది. ప్రయాణానికి పన్నెండు రోజులుందనగా నా చేతికో పాత నూలు చీర ఇచ్చి, రోజూ అదే కట్టుకుని పడుకోమంది, ఉతకొద్దంది. ఎందుకత్తా అంటే విసుక్కుంది.

“గొర్రె కండ్లతో చూసి పిల్లను గుర్తు పడ్తాదా? మూతి పెట్టి వాసన చూస్తాది. తల్లిలేని పిల్లను ఇంకో గొర్రెకాడ విడిస్తే తన్నేస్తాది. దాని సొంత పిల్ల సచ్చిపోయింటే, ఆ తోలు ఈ పిల్లకు కప్పి విడుస్తాము. అప్పుడు పాలిస్తాది. మనుషులకు మాత్రం వేరేనా? ఆ చీర పాప కింద పరిస్తే నీ వాసన అలవాటైతాది.”

నేను ఎమ్మెస్సీ చదివినదాన్ని. లోపల నవ్వుకున్నాను, కానీ కట్టుకున్నాను.

మూడు రోజులు రైళ్లలోనే గడిచాయి. అత్త తన తండ్రి ఇచ్చిన నల్ల కంబళి కప్పుకుని కిటికీ పక్క నుంచి కదల్లేదు. గువాహటిలో ఒక లాడ్జీలో దిగాం. నేను తప్పు చేసింది అక్కడే. రేపు శిశుగృహం మేడమ్ ముందు చెమట కంపు కొట్టే చీర బయటికి తీయాలంటే నామోషీ అనిపించింది. అత్త స్నానానికి పోయినప్పుడు చీరను సబ్బు పెట్టి ఉతికి ఫ్యాను కింద ఆరేశాను. అత్త వచ్చి చీర అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఎంత పని చేస్తివి మే!” అని మంచం మీద కూలబడింది.

మరునాడు వానలో, కొండదారిలో జీపు. ఆ కనిపించే కొండలకు అవతల చైనా అని డ్రైవర్ చెప్పాడు. నాకు ఏ కొండా కనిపించలేదు. పాప నన్ను చూసి ఎలా నవ్వుతుందో అని మాత్రమే ఆలోచిస్తున్నాను.

పాప నవ్వలేదు. శిశుగృహం ఆయా నడుము కరుచుకుని, నన్ను చూడగానే కెవ్వుమంది. ఒక అడుగు ముందుకు వేస్తే ఊపిరి తిప్పుకోలేనంతగా ఏడ్చింది. మేం తెచ్చిన బొమ్మను విసిరికొట్టింది. మేడమ్ హిందీలో మెత్తగానే చెప్పింది, మా ఆయన తెలుగు చేసి చెప్పాడు. మూడు రోజులు చూస్తారట. పాప అలవాటు పడకపోతే బలవంతం చేయరట. కుదరలేదని పైకి రాసి పంపుతారట.

రెండో రోజూ అంతే. నేను గదిలో ఉన్నంతసేపు అన్నం ముట్టలేదు. నేను బయటికి రాగానే తింది. కిటికీలోంచి చూశాను. ఆసుపత్రుల చుట్టూ తిరిగిన అన్నేళ్లలో కూడా నాకు అంత బాధ కలగలేదు. వరండాలోకి వచ్చి, ఇంటికి పోదామన్నాను.

“నీ వాసన ఉతికి పారేస్తివి,” అంది అత్త. “ఇంగ ఆ ఆయమ్మ వాసనన్నా తెచ్చుకుందాము ఉండు.” లేచి వంటింట్లోకి పోయింది. వెనకాలే నేనూ పోయాను.

ఆ ఆయాకు తెలుగు రాదు. అత్తకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని అల్లం చెక్కు గీకారు. అత్త పత్తికొండ సంగతులన్నీ చెప్పుకుంటూ పోయింది, ఆయా తల ఊపింది. కాసేపటికి అత్త ఆమె భుజం మీది ఎర్రచారల శాలువ పట్టుకుని, నన్ను చూపించి, గుమ్మంలో నిలబడ్డ పాపను చూపించింది. ఆయా ముఖం మారిపోయింది. పాపను రెండేళ్లు పెంచింది ఆమే. పొయ్యిలో కట్టె ఎగదోసి, శాలువ తీసి మడిచి అత్త ఒడిలో పెట్టింది. అత్త తన కంబళి విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పింది.

“మా నాయనది. చలికి బాగుంటాది తల్లీ.”

ఇద్దరూ ఏడ్చారు. నేను చూడలేక బయటికి వచ్చేశాను.

మూడో రోజు పొగ, అల్లం, ఆవనూనె వాసనలు కొట్టే ఆ శాలువ కప్పుకుని నేల మీద కూర్చున్నాను. “దాని తట్టు చూడొద్దు,” అంది అత్త, “నీ పాటికి నువ్వుండు.” గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు కూడుతూ కూర్చున్నాను. ఎన్నిసార్లు కూడినా మొత్తం కుదరలేదు. మధ్యాహ్నం భోజనాల గంట కూడా కొట్టేశారు. అప్పుడు శాలువ అంచు ఎవరో లాగినట్టయింది. పాప ఆ అంచును ముఖానికి పెట్టుకుంది. తర్వాత ముఖం అటు తిప్పుకునే వచ్చి నా ఒడిలో కూర్చుంది. నా కాళ్లు తిమ్మిరెక్కాయి, కదల్లేదు. గుమ్మంలో అత్త, ఊపిరి కూడా గట్టిగా తీయొద్దన్నట్టు చెయ్యి చూపించింది.

ఆ తర్వాత పాప ఆ శాలువ లేకుండా ఒక్క రాత్రీ పడుకోలేదు. అత్త కర్నూలు వచ్చినప్పుడల్లా సంచిలో వెన్న డబ్బా ఉండేది. మే నెల ఎండల్లో పెదాలకు వెన్నెందుకత్తా అంటే, “రెండున్నరేండ్లు పూసినోళ్లు లేరు కదమ్మా” అనేది. నన్ను మాత్రం కడదాకా వదల్లేదు. నలుగురిలో కూడా “మా కోడలు శానా శుభ్రం, అన్నీ ఉతికేస్తాది” అని ఆటపట్టించేది. నన్ను అమ్మను చేసింది ఆమే. ఆ మాట ఆమెకు ఒక్కసారైనా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మేం పత్తికొండ చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె పుట్టింటివాళ్లలో పోయినవాళ్ల మీద కంబళి కప్పడం ఆనవాయితీ.

“మా నాయన కంబళి అక్కకాడే ఉండాల కదా, యాడుండాది?” అని అత్త తమ్ముడు అడిగాడు.

“చైనాలో ఉండాది మామా,” అన్నాడు మా ఆయన. కొత్తది తెస్తామని ఎవరో అంగడికి బయల్దేరారు.

పాప నా బ్యాగు తెరిచింది. రాత్రికి ఉండిపోవాల్సి వస్తుందని శాలువ అందులో పెట్టాను. అది తీసుకుని జేజి దగ్గరికి పోయింది.

“ఇది కప్పుదాం,” అంది.

“మరి నువ్వెట్లా పండుకుంటావు పాపా?” అన్నాను.

పాప శాలువ అంచు ముఖానికి ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్కసారి గట్టిగా వాసన పీల్చింది. తర్వాత తన చేత్తోనే జేజి భుజాల దాకా కప్పింది.