ఒకటి తీస్తే చాలు

ఆ శీతల గిడ్డంగిలో చిక్కుల పిన్నిని ఎరగనివాళ్లు లేరు. సరుకు మోసేవాళ్ల గ్లౌజులు ఉతికి, చిరిగినవి కుట్టి, పెట్టెలో వేయడం ఆమె పని. టీ దగ్గర అందరికీ చిక్కు ప్రశ్నలు వేయడం ఆమె సరదా.

"చీకటి గది. పెట్టెలో నల్ల మేజోళ్లు, తెల్ల మేజోళ్లు కలగలిసిపోయాయి. ఎన్ని తీస్తే జత ఖాయం?"

"లైటేసుకుంటే పోలా పిన్నీ?" అంది ట్రేలు మోసే అమ్మాయి.

"లైటేస్తే ఇక చిక్కేముందే మొద్దూ! మూడు చాలు. ఉన్నవి రెండే రంగులు. మూడోది ఏదో ఒకదానికి జత కాక ఎక్కడికి పోతుంది?"

ఆ మాట సూపర్‌వైజర్ చెవిన పడింది. చలిగది ముందు నడవాలో బల్బు మాడిపోయి చాలాకాలమైంది. జనం ఆ చీకట్లో గ్లౌజుల పెట్టె కెలుకుతూ ఆలస్యం చేస్తున్నారని అతనికి మంట. బల్బు మార్పించే బదులు రూలు మార్చాడు.

"ఇకనుంచి మనిషికి మూడే. పిన్ని లెక్కే ఇది! తీసుకుని కదలండి."

పిన్ని మురిసిపోయింది. మేజోడుకు కుడీ ఎడమా లేవు, గ్లౌజుకు ఉన్నాయి. రోజూ వాటినే ఉతికే మనిషికి కూడా ఆ క్షణంలో అది తట్టలేదు.

మర్నాడు ట్రేల అమ్మాయికి మూడూ ఎడమచేతివే వచ్చాయి. మార్చుకుంటానంటే "రూలంటే రూలే" అన్నాడు సూపర్‌వైజర్. ఆ మందపాటి ఎడమ గ్లౌజు కుడిచేతికి ఎక్కక, గడ్డకట్టిన ఇనప ట్రేలను వట్టి కుడిచేత్తో ఎత్తింది. బయటికొచ్చేసరికి వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి, గిల్లినా తెలియడం లేదు. పిన్ని ఆ చేతిని తన చంకలో పెట్టుకుని కూర్చుంది.

"వేళ్లు పోతాయా పిన్నీ?"

"పోనిస్తానా? నోర్మూసుకుని కూర్చో."

మెల్లగా రంగు తిరిగింది. పిన్ని లేచి తిన్నగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది.

"నా లెక్క తప్పు బాబూ. ఎడమవన్నీ చేతికొచ్చాక గానీ కుడిది తగలకపోవచ్చు. జత ఖాయం కావాలంటే సగం పెట్టె తోడి, ఆపైన ఇంకొకటి తీయాలి."

"మూడన్నది నువ్వే కదా?"

"అన్నాను. నాది కథలో చీకటి. నీ నడవాలో చీకటెందుకు?"

"బల్బు కోసం పైకి రాశాం. వస్తుంది."

పిన్ని పెట్టె ఎత్తుకొచ్చి ఎండలో కుమ్మరించింది. ప్రతి ఎడమకూ ఒక కుడిని వెతికి, మెడ వెనక నుంచి రెండు చేతులకూ అందేంత నాడాతో కలిపి కుట్టడం మొదలుపెట్టింది.

"ఇవి పూర్తయ్యేదాకా ఎవరూ లోపలికి పోకండి."

ఎవరూ పోలేదు. తలో సూదీ పట్టుకుని చుట్టూ చేరారు. బయట లారీలు ఆగిపోయి హారన్లు మోగించాయి. సూపర్‌వైజర్ అరిచాడు, బతిమాలాడు, చివరికి కత్తెర అందించాడు.

తన తప్పు తెలిశాక ఏడుస్తూ కూర్చోకుండా సూది పట్టిన మనిషి మీద నాకెంత గౌరవమో చెప్పలేను. బల్బు కొననివాళ్లు ఏ తప్పూ ఒప్పుకోలేదు మరి.

మళ్లీ టీ దగ్గర ట్రేల అమ్మాయి అడిగింది. "చీకటి నడవా. పెట్టె నిండా గ్లౌజులు. ఎన్ని తీస్తే జత ఖాయం పిన్నీ?"

"ఒకటి. నా చిక్కంతా చెడగొట్టారు కదే!" అంటూ పిన్ని గ్లాసు కింద పెట్టి లేచింది. "ఇక బల్బే మిగిలింది. పదండి, అందరం వెళ్లి అడుగుదాం."